బిళ్ళలక్క తప్పిన లెక్క

పాత గని చూడ్డానికి ఎవరొచ్చినా బిళ్ళలక్క ముందు తన తప్పు చూపిస్తుంది. కుర్చీ వేసి, మంచినీళ్ళిచ్చి, బీరువాలోంచి అట్ట చిరిగిన పెద్ద రిజిస్టరు తీసి, గుర్తు కాగితం పెట్టుకున్న చోట తెరిచి, "ఇదిగో, ఇక్కడ సంతకం పెట్టింది నేనే. చూసుకోండి" అంటుంది. వచ్చినవాళ్ళు మొహమాటంగా నవ్వుతారు. తప్పు చేసి పక్కవాడి మీదకు తోసేవాళ్ళను రోజూ చూస్తుంటాం గానీ, తప్పుకు కుర్చీ వేసి మరీ చూపించేవాళ్ళను ఎక్కడ చూశాం? పైగా ముప్ఫై ఒక్క ఏళ్ళ ఉద్యోగంలో ఆవిడ చేసిన తప్పు అదొక్కటే. తప్పు లేకుండా నింపిన వేల పేజీలు అదే బీరువాలో దుమ్ము పట్టి ఉన్నాయి. వాటిని మాత్రం ఎవరికీ చూపించదు.

ఆవిడ అసలు పేరు ఆఫీసు కాగితాల్లో తప్ప ఎక్కడా వినిపించదు. గనిలో దిగినవాళ్ళందరికీ ఆవిడ బిళ్ళలక్క. తనకంటే పదేళ్ళు పెద్దవాళ్ళు కూడా అక్కా అనే పిలిచేవారు. ఆ పిలుపు రావడానికి కారణం ఆ లాంపురూం.

బొగ్గుగని ద్వారం పక్కన ఉండే గది అది. ఇనుప చువ్వల కిటికీ, దాని వెనక పొడవాటి బల్ల, బల్ల మీద వరసగా ఛార్జింగ్ ఎక్కుతున్న తలదీపాలు, గోడ మీద నల్లరంగు వేసిన చెక్క బోర్డు. ఆ బోర్డుకు నాలుగు వందల మేకులు. గనిలోకి దిగే ప్రతి మనిషికీ నంబరు కొట్టిన ఇత్తడి బిళ్ళ ఒకటుంటుంది. కిటికీ దగ్గర బిళ్ళ ఇచ్చి దీపం తీసుకుంటాడు. ఆవిడ ఆ బిళ్ళను బోర్డు మీద అతని మేకుకు తగిలిస్తుంది. పని దిగాక దీపం ఇచ్చేసి బిళ్ళ తీసుకుని ఇంటికి పోతాడు. బోర్డు మీద బిళ్ళ వేలాడుతోందంటే మనిషి లోపల ఉన్నాడని అర్థం. ఒక్క బిళ్ళ ఉన్నా గని తలుపు మూయకూడదు, గాలి ఫ్యాను ఆపకూడదు, మేనేజరైనా సరే ఇంటికి పోకూడదు. ఆ గనిలో రాసిన రూళ్ళు ఎన్నో ఉండేవి, వాటిలో సగం గోడ మీదే ఉండిపోయాయి. ఇదొక్కటి మాత్రం ఎవరూ దాటలేదు.

ఆవిడ ఆ కిటికీ వెనక కూర్చున్న మొదటి వారం ఒక పెద్ద మేస్త్రీ రెండు దీపాలు తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఒకటి తనది, రెండోది వెనక వస్తున్న స్నేహితుడిది. అతనిది కూడా తీసుకుని రెండు బిళ్ళలూ ఇచ్చేయమన్నాడు.

"ఆయన మొహం చూపించమను, ఇస్తాను" అంది ఆవిడ. అప్పటికి ఇరవై రెండేళ్ళ పిల్ల.

"వెనకే వస్తున్నాడమ్మా. నా మీద నమ్మకం లేదా?"

"నమ్మకం ఇంటి దగ్గర బాబాయ్. ఇక్కడ మొహం కావాలి."

మేస్త్రీ ఒంటికాలి మీద లేచాడు. ఆడపిల్లను తెచ్చి కిటికీలో కూర్చోబెట్టిన ఆఫీసును తిట్టాడు, ఆఫీసు పుట్టుపూర్వోత్తరాలు కూడా తిట్టాడు. ఆవిడ బెల్లం కొట్టిన రాయిలా కూర్చుంది. వెనకాల నలభై మంది క్యూలో చెమటలు కక్కుతూ నిలబడ్డారు. చివరికి ఆ స్నేహితుడు మెల్లగా నడుచుకుంటూ వచ్చి మొహం చూపించాక గానీ క్యూ కదల్లేదు. ఆ రోజు నుంచి ఒకరి దీపం ఇంకొకరు తేవడం మానేశారు. మేస్త్రీ నెల రోజులు ఆవిడతో మాట్లాడలేదు, ఆ తర్వాత తన కూతురికి చదువు మానిపించాలా వద్దా అని సలహా అడగడానికి ఆవిడ దగ్గరికే వచ్చాడు.

పదకొండో ఏడు పైకప్పు కూలింది. లోపలికి దిగిన ఇరవై ఎనిమిది మందిలో చాలామంది దగ్గుకుంటూ బయటపడ్డారు. దుమ్ములో ఎవరి మొహం ఎవరిదో తెలియని ఆ గందరగోళంలో, అందరూ వచ్చేశారని ఎవరో అరిచారు. అప్పటి మేనేజరు హమ్మయ్య అనుకుని ఆ మాటే పై ఆఫీసుకు ఫోనులో చెప్పేశాడు. బిళ్ళలక్క కిటికీలోంచి తల బయటపెట్టి, "రెండు బిళ్ళలున్నాయి సార్" అంది. ఇంకోసారి చూడమన్నారు. చూడాల్సిన పనేం లేదంది. తలుపు దగ్గర నిలబడ్డవాళ్ళను చూడమంది. బయటికొచ్చినవాళ్ళలో ఒక్కడూ ఇంటికి పోవడం లేదు. ద్వారం ముందు అటూ ఇటూ తిరుగుతున్నారు, లోపలికి అడుగేయబోతే కాపలావాళ్ళు వెనక్కి లాగుతున్నారు, మళ్ళీ వెళ్ళబోతున్నారు. తమవాడు లోపల ఉండిపోయిన మనుషులు అలాగే తిరుగుతారు. అది ఆవిడ కళ్ళలో నిలిచిపోయింది.

తొమ్మిది గంటలు తవ్వితే ఇద్దరూ దొరికారు, ప్రాణాలతో. ఒకతను స్తంభాలు నిలబెట్టే పనివాడు. రెండో అతను చదువు ముగించి అప్పుడే చేరిన బక్కపల్చటి ట్రైనీ. ఆ ట్రైనీయే ఇరవై ఏళ్ళు తిరిగేసరికి ఆ గనికి మేనేజరయ్యాడు. పొట్ట వచ్చింది, కళ్ళజోడు వచ్చింది, కిందవాళ్ళ మీద గొంతు పెంచడమూ వచ్చింది. లాంపురూం ముందుకొస్తే మాత్రం గొంతు తగ్గేది.

ఇంట్లో కూడా ఆవిడ తీరు అదే. గుమ్మం ముందు చెప్పులు లెక్కపెట్టి గానీ అన్నం గిన్నె దించదు. చుట్టాలు వెళ్ళిపోతుంటే వీధి మలుపు దాకా నిలబడి చూస్తుంది, మర్యాదకని వాళ్ళనుకుంటారు, లెక్కకని ఇంట్లోవాళ్ళకు తెలుసు. మొగుడు డోజరు ఆపరేటరు. గని తవ్వి పోసిన మట్టిగుట్టలను చదును చేయడం అతని పని. నోరు ఊరుకోని మనిషి. "పడుకునేముందు నన్ను కూడా ఓసారి లెక్కపెట్టుకుని పడుకుంటుంది. ఒక్కణ్ణే కాబట్టి త్వరగా అయిపోతుంది" అని ఊరంతా చెప్పుకుని నవ్వేవాడు. ఆవిడ కూడా నవ్వేది, కానీ లెక్క మానలేదు.

బొగ్గు అయిపోయింది. గని మూసేశారు. పనివాళ్ళు వేరే గనులకు పోయారు, ఫ్యాను ఆగింది, దీపాలను పెట్టెలకెత్తారు. తవ్విన నేలను ఊరికే వదిలేయకూడదట. మట్టి పరిచి, చెట్లు నాటి, మిగతా చదునులో ఎండతో కరెంటు తీసే పలకలు పాతాలని ప్లాను వచ్చింది. కాగితం మీద అంతా పచ్చరంగే. అందులో గని ద్వారం ఉన్న చోట ఒక గీత, గీత పక్కన "పూడ్చివేయబడును" అన్న మాట. అంతవరకు ఎవరికీ అభ్యంతరం లేదు.

అప్పుడు వచ్చింది గబ్బిలాల మేడమ్. అడవి జంతువుల శాఖ ఆవిడను పంపింది. భుజాన కెమెరా, చేతిలో చిన్న పెట్టె, కాళ్ళకు మోకాళ్ళ దాకా బూట్లు. గనిలో పై సొరంగాల్లో ఉంటున్న గబ్బిలాలు మామూలువి కావనీ, ఆ జాతికి మిగిలిన నివాసాలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చనీ చెప్పింది. బొటనవేలంత ఒళ్ళు, ముక్కు మీద ఆకులా నిలబడ్డ చిన్న తోలు ముక్క. విన్నవాళ్ళు పెదవి విరిచారు. ఎన్నో ఏళ్ళు లాంపురూం గోడల మీద వాటి రెట్టలు కడిగిన బిళ్ళలక్క అందరికంటే ఎక్కువ విరిచింది.

కప్పు వదులైపోయి, గాలి ఆగిపోయి ఉంది కాబట్టి లోపలికి ఎవరూ వెళ్ళకూడదు. పొద్దుగుంకాక బయటికి వచ్చేటప్పుడే లెక్క తేలాలి. మేడమ్ కెమెరా పెట్టింది గానీ రోజూ కూర్చునే మనిషి కావాలంది. మేనేజరు క్షణం కూడా ఆలోచించకుండా లాంపురూం వైపు చెయ్యి చూపించాడు.

బిళ్ళలక్క ద్వారం ముందు స్టూలు వేసుకుంది. ఒళ్ళో రెండు డబ్బాలు, ఎడమదాన్నిండా పని లేకుండా పోయిన ఇత్తడి బిళ్ళలు. పది గబ్బిలాలు దాటగానే ఒక బిళ్ళ ఎడమ డబ్బాలోంచి కుడి డబ్బాలో పడుతుంది, మిగిలినవి వేళ్ళ మీద. మొదటి వారం మేడమ్ వచ్చి, "అక్కా, మీ లెక్కకీ నా కెమెరా లెక్కకీ మూడు తేడా వచ్చింది" అంది.

"మీ కెమెరాను మళ్ళీ చూసుకోమనండి" అంది ఆవిడ.

మేడమ్ మళ్ళీ చూసింది. ఆ మూడూ గబ్బిలాలు కావు, దీపం చుట్టూ తిరిగిన పెద్ద పురుగులు. ఆ రోజు నుంచి మేడమ్ కెమెరాను ఆవిడ లెక్కతో సరిచూసుకోవడం మొదలుపెట్టింది. టీ తాగుతూ కబుర్లు చెప్పేది. ఇవి రాత్రంతా పురుగులు తింటాయనీ, ఏడాదికి ఒక్కటంటే ఒక్కటే పిల్లను కంటాయనీ, అందుకే ఒకసారి తగ్గితే మళ్ళీ కోలుకోవడం కష్టమనీ. బిళ్ళలక్క ఈ చెవితో విని ఆ చెవితో వదిలేయలేదు. ఇంటికొచ్చి మొగుడికి చెప్పింది. "ఒక్క పిల్లేనా, మనలాగే" అన్నాడతను. వాళ్ళకూ ఒక్కతే కూతురు, పక్క ఊరి ఆసుపత్రిలో నర్సు.

చలికాలంలో నూట ఇరవై ఉన్న గబ్బిలాలు ఎండలు ముదిరేసరికి మూడు వందల ఎనభై ఆరయ్యాయి. ఆవిడ ఆ అంకె వేసి కింద గీత గీసింది. ఎందుకు పెరిగాయని ఎవరూ అడగలేదు. ఆవిడా అడగలేదు. లాంపురూంలో ఎవరు ఎందుకొచ్చారని అడగరు. వచ్చాడా, పోయాడా, అంతే.

మేడమ్ చలికాలంలోనే ఉత్తరం రాసిచ్చింది. అవతలి కొండలో పాత సొరంగం ఒకటి బాగుచేయించింది, గబ్బిలాలు అక్కడికి మారాలి. ఇక్కడి ద్వారానికి ఒక రకం వల కట్టాలి, బయటికొచ్చేవి కింది అంచులోంచి జారి వచ్చేస్తాయి, తిరిగి లోపలికి పోబోతే వల అడ్డం పడుతుంది. అన్నీ వచ్చేశాయని లెక్క తేలాక రాయి పోసి పూడ్చుకోవచ్చు. ఉత్తరం ఇచ్చి మేడమ్ ఫోను కూడా అందని అడవికి వేరే పని మీద వెళ్ళిపోయింది. ద్వారం పూడ్చే కంట్రాక్టరు రెండు నెలల్లో రావాల్సింది, ఆరు నెలలకు వచ్చాడు. పాత ఉత్తరమే బల్ల మీద పెట్టాడు. ఆ ఉత్తరానికి మూడు పేజీలున్నాయి. మొదటి పేజీ కంట్రాక్టరు చదివాడు, రెండో పేజీ మేనేజరు చదివాడు, మూడో పేజీ పిన్ను కింద హాయిగా పడుకుంది. చదువుకున్నవాళ్ళ సంగతి ఇలా ఉంటుంది, ఏం చెప్పమంటారు.

వల కట్టే రోజు మధ్యాహ్నం మేనేజరు లాంపురూంకు వచ్చాడు. చంకలో కాగితం చుట్టిన ఫ్రేము. గాజు వెనక బంగారు రంగు అక్షరాలు. ముప్ఫై ఒక్క సంవత్సరాలు, ఒక్క లెక్క తప్పకుండా, అని. "గని మూత కాగితం మీద చివరి సంతకం నీదే ఉండాలక్కా. నువ్వు ఎవరూ లేరంటేనే లేనట్టు" అన్నాడు. ఆవిడ కళ్ళు తుడుచుకుంది. మొగుడు మేకు కొట్టి ఫ్రేము తగిలించాడు, వంకరగా ఉందని రెండుసార్లు సరిచేయించింది.

పొద్దు వాలింది. వల దించారు. గబ్బిలాలు ఒకటొకటిగా కింది అంచు దగ్గర జారి, గాల్లోకి లేచి పోయాయి. ముప్ఫై ఎనిమిది బిళ్ళలు కుడి డబ్బాలో పడ్డాయి, ఆరు వేళ్ళ మీద మిగిలాయి. మూడు వందల ఎనభై ఆరు. నిన్నటి అంకె, మొన్నటి అంకె. ఆవిడ లేచి లోపలికొచ్చి రిజిస్టరులో రాసింది. బయటికి వచ్చినవి 386. లోపల ఎవరూ లేరు. సంతకం పెట్టింది.

కంట్రాక్టరు ఆ పేజీని ఫోనులో ఫోటో తీసుకుని చేతులు దులుపుకున్నాడు. పొద్దున్న ఆరింటికి నలభై లారీల రాయి దిగుతుంది, డోజరు తోసేస్తుంది. డోజరు మీద కూర్చునేది మొగుడే. "నువ్వు ముప్ఫై ఏళ్ళు తీసి ఉంచావు, నేను ఒక్క పూటలో మూసేస్తాను" అన్నాడు. ఆవిడకు ఆ హాస్యం నచ్చలేదు.

మొగుడు, కంట్రాక్టరు గేటు దగ్గర టీకి వెళ్ళారు. ఆవిడ చివరిసారి లాంపురూం ఊడ్చింది, బల్ల తుడిచింది, తాళం చేతిలోకి తీసుకుంది. చీకటి పడి గంటయ్యుంటుంది. తాళం వేయబోతూ అలవాటు కొద్దీ ద్వారం వైపు చూసింది.

గబ్బిలాలు తిరిగి వచ్చాయి. ఐదో పదో కాదు. ద్వారం ముందు గాలంతా అవే. వల దాకా వస్తాయి, తగులుతాయి, వెనక్కి తిరుగుతాయి, మళ్ళీ వస్తాయి. అవతలి కొండలో కొత్త ఇల్లు సిద్ధంగా ఉంది, చుట్టూ చెట్లున్నాయి, ఆకాశం అంతా ఖాళీగా ఉంది. ఒక్కటీ పోవడం లేదు.

ఆవిడ తాళం పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఆ తిరుగుడు ఆవిడకు తెలుసు. ఇరవై ఏళ్ళ క్రితం ఇదే ద్వారం ముందు, దుమ్ము కొట్టుకుపోయిన మనుషులు ఇలాగే తిరిగారు. పని దిగినవాడు ఇంటికి పోవాలి. పోకుండా లోపలికే కొట్టుకుంటున్నాడంటే లోపల ఎవరో ఉన్నారు.

కానీ లెక్క సరిపోయింది కదా. ముప్ఫై ఎనిమిది బిళ్ళలు, ఆరు వేళ్ళు. ఎక్కడా తప్పు లేదు.

పెట్టెలోంచి ఒక తలదీపం తీసి నుదుటికి కట్టుకుంది. లక్షలసార్లు ఆ దీపాలు చేతికిచ్చిన మనిషి, తన తలకు కట్టుకోవడం అదే మొదటిసారి. వల దగ్గరికి వెళ్ళి, ఊపిరి బిగబట్టి చెవి ఆనించింది. లోపలి చీకట్లోంచి సన్నటి కిచకిచ వినబడుతోంది. ఒక గబ్బిలం వచ్చి వలకు తగిలినప్పుడల్లా ఆ కిచకిచ పెద్దదవుతోంది, అది వెనక్కి పోగానే తగ్గుతోంది.

ఏడాదికి ఒక్కటే పిల్ల. ఎండాకాలం. నూట ఇరవై కాస్తా మూడు వందల ఎనభై ఆరు.

తన బోర్డు మీద లోపలికి వెళ్ళినవాళ్ళకే మేకు ఉంది. కిటికీ ముందు నిలబడి, బిళ్ళ ఇచ్చి, మొహం చూపించినవాళ్ళకే లెక్క. లోపలే పుట్టినవాళ్ళు ఏ కిటికీ ముందుకొచ్చి మొహం చూపిస్తారు? రెక్కలు రాని పసివాళ్ళు బయటికెలా వస్తారు? మొహం చూడకుండా లెక్క రాయనని నలభై మందిని ఎండలో నిలబెట్టిన మనిషి, ఈ పిల్లల మొహం ఒక్కటీ చూడకుండా ఎవరూ లేరని రాసి సంతకం పెట్టింది.

గేటు దాకా పరుగెత్తింది. యాభై మూడేళ్ళ మనిషి, తలకు దీపంతో. కంట్రాక్టరు టీ గ్లాసు పక్కన పెట్టి ఓపిగ్గానే విన్నాడు.

"అమ్మా, మీరే కదా ఎవరూ లేరని రాసింది. ఫోటో పైకి పంపేశాను. ఇప్పుడు వల తీయాలంటే రాతపూర్వకంగా ఆర్డరు కావాలి. పొద్దున్న ఆఫీసు తెరిచాక చూద్దాం."

"పొద్దున్న ఆరింటికి నువ్వు రాయి పోస్తావు. ఆఫీసు పదింటికి తెరుస్తారు."

"అదీ నిజమే" అన్నాడతను, నీళ్ళు నములుతూ.

మొగుడు గ్లాసు కింద పెట్టి లేచాడు. "ఏమే, నువ్వు ఖాయంగా చెబుతున్నావా?"

"ఎంతమందో తెలియదు. ఉన్నారు."

అతను కంట్రాక్టరు వైపు తిరిగి, జేబులోంచి డోజరు తాళంచెవి తీసి చూపించి, మళ్ళీ జేబులో వేసుకున్నాడు. "అయితే రేపు నాకు ఒంట్లో బాగుండదు" అన్నాడు. చెప్పొద్దూ, ఆ మనిషి జీవితంలో వేసిన మంచి జోకు అదొక్కటే.

ఆవిడ వెనక్కి లాంపురూంకు వెళ్ళింది. ఆ ఫ్రేమును తీసి మొహం గోడకు తిప్పి కింద పెట్టింది. గనిలో నంబరు లేని బిళ్ళ ఒకటుండేది, చూడ్డానికి వచ్చే బయటివాళ్ళు దిగేటప్పుడు వాడేది. డబ్బాలో వెతికి దాన్ని తీసి, నల్లబోర్డు మీద తగిలించింది. నాలుగు వందల ఖాళీ మేకుల మధ్య ఒక్క బిళ్ళ. తర్వాత రిజిస్టరు తెరిచింది. తను రాసినదాన్ని కొట్టేయలేదు, చించలేదు. దాని కిందనే రాసింది. పై సంతకం తప్పు. లోపల ఉన్నారు. ఎంతమంది అన్న గడి దగ్గర చెయ్యి ఆగిపోయింది. ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఆ గడిలో అంకె తప్ప అక్షరం పడలేదు. తెలియదు, అని రాసింది. రాస్తుంటే ఏడుపు వచ్చింది. మళ్ళీ సంతకం పెట్టి, మేనేజరుకు ఫోను చేసింది.

"సార్, బోర్డు మీద బిళ్ళ ఉంది."

అవతలి నుంచి ఒక్క ప్రశ్న రాలేదు. పావుగంటలో మేనేజరు ఇంట్లో వేసుకునే బట్టలతో, ఒక కాలికి ఒక చెప్పు ఇంకో కాలికి ఇంకో చెప్పు వేసుకుని వచ్చాడు. బోర్డు చూశాడు. రిజిస్టరు చూశాడు. ద్వారం దగ్గరికెళ్ళి ఆ తిరుగుడు చూశాడు, చాలాసేపు. కంట్రాక్టరు వెనకాలే వచ్చి, పై ఆఫీసుకు ఏం చెప్పాలి సార్, అయినా లోపల ఉన్నవి మనుషులు కాదు కదా, గబ్బిలాలు, అన్నాడు.

"బిళ్ళ ఉంది" అన్నాడు మేనేజరు. "వల తీయి."

"సార్, ఆర్డరు—"

"నేను తొమ్మిది గంటలు లోపల ఉన్నానయ్యా. అందరూ వచ్చేశారని పైవాళ్ళకు చెప్పేశాక కూడా లోపలే ఉన్నాను. తీయి."

కంట్రాక్టరు కదలకముందే మొగుడు నిచ్చెన వేసుకున్నాడు. పై తాళ్ళు కోశాడు. వల ఒక పక్కగా జారిపోయింది. గబ్బిలాలు ఒక్క ఉదుటున లోపలికి పోయాయి. కింద ఉన్న ముగ్గురూ గోడకు ఒరిగి నిలబడ్డారు. కాసేపటికి లోపలి కిచకిచ సద్దుమణిగింది. "ఎన్ని వెళ్ళాయక్కా?" అన్నాడు మేనేజరు. లెక్కపెట్టలేదంది ఆవిడ. మొగుడు నిచ్చెన మీద నుంచే ముక్కున వేలేసుకున్నాడు.

నాలుగో రోజున మేడమ్ అడవిలోంచి ఊడిపడింది. బూట్ల బురద కూడా దులుపుకోకుండా మేనేజరు బల్ల మీది ఉత్తరం తీసి, మూడో పేజీ తిప్పి, ఒక వాక్యం కింద గోటితో గీసి చూపించింది. ఎండలు మొదలైతే తల్లులు కాన్పుకు ఇక్కడికే చేరతాయి, ఆ తర్వాత వల కట్టకూడదు. మేనేజరు తల దించుకున్నాడు. ఎవరిని ఏమనాలో అన్నీ అనేశాక మేడమ్ లాంపురూంకు వచ్చింది. బిళ్ళలక్క రిజిస్టరు తెరిచి ముందు పెట్టింది. మేడమ్ చదివి, ఆవిడను గట్టిగా కావలించుకుంది. ఆవిడ మాత్రం, "మూడో పేజీ నేనూ చదవలేదు. నన్ను సంతకం పెట్టమన్నారు, పెట్టేశాను" అంది.

ప్లాను మారింది. ఆ మారడానికి ఎన్ని మీటింగులయ్యాయో, ఎంతమంది ఎంతమందిని విసుక్కున్నారో చెబితే తెల్లారిపోతుంది. ద్వారాన్ని పూడ్చలేదు. మనిషి దూరకుండా, గబ్బిలం దూరేలా అడ్డంగా ఇనుప కడ్డీల తలుపు పెట్టారు. కరెంటు పలకలు రెండు వందల అడుగులు అవతలికి జరిగాయి. ద్వారం ముందు నేలను బల్లలా చదును చేయొద్దనీ, గుంతలు గుంతలుగా వదిలితే నీళ్ళు నిలిచి పురుగులు పెరుగుతాయనీ, వాటికి అదే తిండి అనీ మేడమ్ చెప్పింది. జీవితమంతా నేలను నున్నగా చేసిన మొగుడికి అది మింగుడుపడలేదు. "గుంతలు చేయడానికి ఆపరేటరెందుకు, పందుల్ని తోలితే సరిపోయేది" అని గొణుక్కుంటూనే, మేడమ్ గీసిచ్చిన బొమ్మలో ఉన్నట్టు గుంత గుంతనూ కొలిచి మరీ తవ్వాడు.

ఫ్రేమును మేనేజరు తిరిగి గోడకు తగిలించబోతే ఆవిడ ససేమిరా అంది. అబద్ధం గోడ మీద ఉండకూడదంది. ఇప్పుడది ఛార్జింగ్ బల్ల కాలు కింద ఉంది. బల్ల ఊగడం మానేసింది.

పిల్లలకు రెక్కలొచ్చే ఆరు వారాలూ ఆవిడ రోజూ స్టూలు వేసుకుని కూర్చుంది. ఎవరూ కూర్చోమనలేదు, ఉద్యోగం అప్పటికే అయిపోయింది. సాయంత్రం మూడు వందల ఎనభై ఆరు వెళ్ళేవి, గంటకోసారి కొన్ని వెనక్కి వచ్చి పిల్లలకు పాలిచ్చి పోయేవి. నంబరు లేని బిళ్ళ బోర్డు మీదే ఉంది. కూతురు సెలవు మీద వచ్చి, "ఇంకా ఏం లెక్కమ్మా, హాయిగా పడుకోరాదూ" అంటే, "బిళ్ళ వేలాడుతుంటే ఎలా పడుకుంటానే" అంది.

ఆరో వారం చివర ఒక సాయంత్రం మేడమ్, మేనేజరు, మొగుడు, కూతురు అందరూ వెనక బెంచీ మీద కూర్చున్నారు. పొద్దు వాలింది. మొదటి గబ్బిలం కడ్డీల మధ్యనుంచి వచ్చింది. ముప్ఫై బిళ్ళలు, ముప్ఫై ఎనిమిది. ఆరు వేళ్ళు. అక్కడ ఆగాలి. ఆగలేదు. చిన్నవి, తిన్నగా ఎగరడం రానివి, ఒకటి కడ్డీకి తగిలి కిందికి జారి మళ్ళీ లేచింది, ఒకటి ఆవిడ చీర కుచ్చిళ్ళ పక్కనుంచి పోయింది. ఆవిడ రెప్ప వేయలేదు. ఎడమ డబ్బా ఖాళీ అవుతోంది, కుడి డబ్బా నిండుతోంది. బాగా చీకటి పడ్డాక ఆవిడ లేచింది. డెబ్బై రెండు బిళ్ళలు, ఏడు వేళ్ళు.

లాంపురూంలోకి వెళ్ళి నంబరు లేని బిళ్ళను బోర్డు మీద నుంచి తీసి డబ్బాలో వేసింది. రిజిస్టరు తెరిచింది. లోపలికి వెళ్ళినవి, 386. బయటికి వచ్చినవి, 727. లెక్క సరిపోయిందా అన్న గడి దగ్గర ముప్ఫై ఒక్క ఏళ్ళూ రోజూ ఒకే మాట రాసింది. సరిపోయింది, అని. ఇప్పుడు మేనేజరు, మేడమ్ భుజాల మీదనుంచి తొంగిచూస్తుండగా, కళ్ళజోడు సరిచేసుకుని, అక్షరం అక్షరం దిద్దుకుంటూ రాసింది.

సరిపోలేదు. ఎక్కువ మంది వచ్చారు.

కింద సంతకం పెట్టింది.